గైర్హాజరు: ఒకరు

మా మున్సిపాలిటీ విస్తీర్ణమెంతని అడిగితే
నేలెంత, నీళ్ళెంత, విడివిడిగా చెప్పాలి.
నేల మూడో వంతు. తక్కినదంతా సరస్సే.
ఓటు వెయ్యదు, పన్ను కట్టదు,
అయినా ప్రతి సమావేశానికీ అందరికంటే ముందొచ్చి
కిటికీ అవతల కూర్చుంటుంది.

నా పేరు ఐలి పర్వియైనెన్. ఇరవై ఆరేళ్ళు
హౌకిసాలో కౌన్సిల్ మినిట్స్ రాశాను.
దీవులు నాలుగు వందల పదకొండని ఒక సర్వే,
నాలుగు వందల పద్నాలుగని ఇంకొకటి.
ఆ తేడా మూడూ నీరు తగ్గిన ఏడు తలెత్తే బండలు;
గల్‌ పక్షులు తప్ప వాటి చిరునామా ఎవరూ అడగలేదు.
సరిహద్దు గీత సరస్సు నడుమ నుంచే పోతుంది.
నీటి మీద రాత అంటారే, అదే.
కాకపోతే మాది స్టాంపు వేసిన రాత.

ఆ ఏప్రిల్లో అజెండాలో ఒక్కటే అంశం:
పక్క పట్నంలో కలిసిపోవడమా, మానడమా.
పదిహేడుగురు సభ్యులు.
ఎటు నుంచి కూడినా ఎనిమిదీ, ఎనిమిదీ.
పదిహేడోవాడు ఒస్మో తియైనెన్, కుయిక్కాసారి దీవిలో ఉంటాడు,
వాడు వద్దనేవాడేనని ఊరంతా రాసిపెట్టుకుంది.

ఏప్రిల్ అంటే మాకు కెలిరిక్కో.
ఆ మాటకి అర్థం చెప్పాలంటే ఒడ్డున నిలబడాలి.
పడవకి గట్టిది, కాలికి మెత్తది.
మొన్నటిదాకా లారీలు నడిచిన మంచుబాట మీద
గుర్తుకి పాతిన దేవదారు కొమ్మలు
తాగినవాళ్ళలా ఒక్కొక్కటే ఒరుగుతాయి.
పసుపుపచ్చ ఫెర్రీ ఇంకా రేవులోనే.
దీవికి ఉత్తరాలు పోవు, పాస్టరు పోడు,
పుట్టేవాళ్ళూ పోయేవాళ్ళూ కాస్త ఓపిక పట్టాలి.

ఆరింటికి మొదలవాల్సింది, ఆరున్నర దాకా ఆగాం.
ఒస్మో ఆవలి ఒడ్డుదాకా వచ్చాడట,
గునపంతో మంచుని పొడిచి చూసి
ఇంటికి తిరిగిపోయాడట.
ఫోన్లో చెప్పే ఓటు అప్పటికి చెల్లదు.

బడి పోతుందన్నారు. లైబ్రరీ బస్సు పోతుందన్నారు.
మన చిహ్నంలోని చేప ఏ గోడకి పోవాలి అన్నాడొకాయన,
గొంతు జీరపోయింది, కూర్చున్నాడు.
అప్పుల మాటెత్తితే మాత్రం అందరూ నీళ్ళు నమిలారు.
ఎనిమిదీ ఎనిమిదీ. సరిసమానమైతే
అధ్యక్షురాలు ఎటుంటే అటు.
కెర్త్తు సుహోనెన్ సుత్తి ఎత్తి
బల్లని ఒకసారి అరచేత్తో తడిమింది,
ఎక్కడ కొడితే నొప్పి తక్కువో చూస్తున్నట్టు.

కలిసిపోయాం.
నేను రాశాను: గైర్హాజరు, ఒకరు.
కారణం గడిలో: మంచు.

ఆ రాత్రి ఫలితం చెబుదామని ఒస్మోకి ఫోన్ చేశాను.
వెనకాల రేడియోలో వాతావరణం.
"మంచిదే," అన్నాడు.
"నేనొచ్చినా అవుననేవాణ్ణి.
పట్నం వాళ్ళైతే రాత్రిళ్ళు కూడా ఫెర్రీ నడుపుతారు.
మా సాయ్‌మికి ఉబ్బసం, నీకు తెలుసుగా."
కాసేపాగి,
"ఎవరికీ చెప్పకు ఐలీ,
ఈ ఒడ్డునే వల వెయ్యాల్సినవాణ్ణి."

పన్నెండేళ్ళయింది.
పట్నం ఫెర్రీని రాత్రి పదింటికే కట్టేస్తుంది,
బడ్జెట్‌ చాలదంటారు.
సాయ్‌మి పెద్దదై ఎక్కడో నర్సుగా చేస్తోంది.
ఊరి పేరు రోడ్డు పక్క బోర్డు మీద ఉంది,
చేప కూడా ఉంది, మ్యూజియంలో, వెలిసిపోయిన రంగులో.

ఇప్పటికీ ఏప్రిల్ వస్తే కాఫీ బల్ల దగ్గర మొదలవుతుంది:
ఆ ఏడు మంచు ఇంకో రోజు ఆగి ఉంటే...
ఒక్క రోజు...
ఒస్మో చెంచాతో చక్కెర కలుపుతూనే ఉంటాడు,
వాడు చక్కెర వేసుకోడు.
నేను అందరి కప్పులూ నింపుతాను.

కిటికీ అవతల సరస్సు,
చెయ్యని తప్పు మోస్తూ,
పగుళ్ళు విచ్చుకుంటూ.
మినిట్స్‌లో దాని సంతకం లేదు.
ఆ గడిలో ఉన్నది
నా చేతిరాత.